ఎక్స్‌రే గదికి అణు బోర్డు లైసెన్స్: చిత్తూరులో మా అనుభవం

ఎక్స్‌రే గదికి ముంబైలో ఉన్న బోర్డు అనుమతి కావాలని చిత్తూరులో చాలామందికి తెలియదు. డీఎంహెచ్‌ఓ ఆఫీసులో క్లినిక్ రిజిస్టర్ చేయిస్తే చాలనుకుంటారు. స్కానింగ్ సెంటర్లకు ఉండే పీసీపీఎన్‌డీటీ రిజిస్ట్రేషనే ఎక్స్‌రేకూ సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. అది లింగ నిర్ధారణను ఆపడానికి పెట్టిన చట్టం, రేడియేషన్‌తో దానికి పనిలేదు. ఎక్స్‌రే మెషిన్ నడపాలంటే అటామిక్ ఎనర్జీ రెగ్యులేటరీ బోర్డు, అంటే ఏఈఆర్‌బీ, లైసెన్స్ ఇవ్వాలి. కల్పాక్కం రియాక్టర్లనూ, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనినీ చూసే బోర్డే కొంగారెడ్డిపల్లెలో మా చిన్న మెషిన్‌నూ చూస్తుంది.

నేను రేడియోగ్రాఫర్‌ని. వేలూరులో ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసి, పెళ్లయ్యాక చిత్తూరు వచ్చేశాను. ఇక్కడ ఎముకల డాక్టరు గారు ఒకరు సొంతంగా క్లినిక్ పెడుతున్నారని తెలిసి వెళ్లి అడిగాను. "ఉద్యోగం ఇస్తానమ్మా, కానీ మెషిన్ సంగతి, కాగితాల సంగతి అన్నీ నువ్వే చూసుకోవాలి" అన్నారు. పెద్ద ఆసుపత్రుల్లో ఈ పనికి మెడికల్ ఫిజిసిస్టు, అంటే రేడియేషన్ లెక్కలు చూసే నిపుణులు, ఉంటారు. మనం రేడియేషన్ కొలిచే బ్యాడ్జి పెట్టుకుని మన పని చేసుకుంటే సరిపోతుంది. ఇక్కడ ఫిజిసిస్టు నేనే, క్లర్కు నేనే, మేస్త్రీ దగ్గర నిలబడి గోడ కట్టించేదీ నేనే.

మెషిన్ అమ్మడానికి వచ్చిన డీలరు మొదటి రోజే ఒక మాట చెప్పాడు. "లైసెన్స్ ఎవరు తీసుకుంటారు మేడం? ముందు పెట్టేయండి, ఎవరన్నా అడిగితే అప్పుడు చూసుకుందాం." ఆయన మాటలో పూర్తి అబద్ధం లేదు, పాతబడిన నిజం ఉంది. 2012లో కాగ్ ఈ బోర్డు మీద ఒక రిపోర్టు ఇచ్చింది. దేశంలో 57,443 మెడికల్ ఎక్స్‌రే యూనిట్లు ఉంటే, బోర్డు దగ్గర రిజిస్టర్ అయినవి 5,270 మాత్రమేనని అందులో తేల్చారు. అంటే వందకు తొంభై ఒకటి ఏ లెక్కాపత్రం లేకుండా నడిచేవి. అంతకు రెండేళ్ల ముందే ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుము కొట్టులోకి కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం చేరి ఒకాయన చనిపోయాడు. యూనివర్సిటీ ల్యాబులో మూలన పడేసిన పరికరాన్ని తుక్కు కింద వేలం వేశారు, అందులో ఉన్న మూలకమది. ఇప్పుడలా కాదు, దరఖాస్తులన్నీ బోర్డువాళ్ల ఈ-లోరా అనే పోర్టల్‌లో పెట్టాలి. మెషిన్ ఎవరిది, ఏ మోడలు, ఎక్కడుంది అన్నది అందులో ఎక్కుతుంది. బోర్డు టైప్ అప్రూవల్, అంటే ఆ మోడలుకు భద్రత పరంగా ఆమోదం, ఇచ్చినది కాకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. డీలరు రెండో మాటగా సెకండ్ హ్యాండ్ మెషిన్ చవకగా ఇప్పిస్తానన్నాడు. అది పాత యజమాని ఖాతాలో ఉందో లేదో చూపించమన్నాను. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

అసలు పని పోర్టల్‌లో లేదు, గోడల్లో ఉంది. మాకు దొరికింది ఒక కాంప్లెక్సులో కింది అంతస్తు. ఇదివరకు అక్కడ ఎలక్ట్రికల్ సామాన్ల షాపు ఉండేది. మెట్ల వైపు గోడ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, అది సరిపోతుంది. మధ్యలో షాపువాళ్లు కట్టుకున్న అడ్డుగోడ నాలుగున్నర అంగుళాలది, అది చాలదు. మేస్త్రీ తేలిక బ్లాకులతో మందంగా కట్టేస్తానన్నాడు. మందం ఒక్కటే చూస్తే కుదరదని ఆయనకు నచ్చజెప్పడానికి చాలా సేపు పట్టింది. రేడియేషన్‌ను ఆపేది బరువు. ఆ తేలిక బ్లాకుల్లో సగానికి పైగా గాలే. మామూలు ఎర్ర ఇటుక తొమ్మిది అంగుళాలు ఉంటే, సుమారుగా 1.7 మిల్లీమీటర్ల సీసం రేకు ఆపినంత ఆపుతుంది. "అంటే ఈ గోడంతా సీసం పోసినట్టేనా మా?" అన్నాడు. అంతేనన్నాను. అప్పటి నుంచి ఇటుకకీ ఇటుకకీ మధ్య సందు లేకుండా సిమెంటు కూరి కట్టాడు.

సందు వైపు ఒక కిటికీ ఉంది. దాని బయట బళ్లు ఆపుకుని, టీ తాగుతూ జనం నిలబడతారు. బయటి నేల నుంచి రెండు మీటర్ల లోపు ఎత్తులో కిటికీ ఉంటే దానికి రక్షణ పెట్టాలి, లేదా మూసేయాలి. మూయించేశాను. ఛాతీ ఎక్స్‌రే తీసే స్టాండు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పెద్ద ప్రశ్న. టేబుల్ మీద పడుకోబెట్టి తీస్తే కిరణం కిందికి, నేలలోకి పోతుంది. స్టాండు దగ్గర నిలబెట్టి తీస్తే అడ్డంగా పోయి నేరుగా గోడకు తగులుతుంది. డాక్టరు గారు వేయించిన మొదటి ప్లానులో స్టాండు వెనక గోడకు అవతల పేషెంట్లు కూర్చునే బెంచీలున్నాయి. దాన్ని తిప్పి, అవతల మనుషులు మసలని వైపు పెట్టించాను. ఈ ఒక్క మార్పుకు రూపాయి ఖర్చు కాలేదు. నా లెక్కలో మొత్తం పనిలో ఎక్కువ మేలు చేసింది ఇదే.

తలుపు కథ వేరు. ఏడడుగుల ఎత్తు, మీటరు వెడల్పు తలుపుకు రెండు మిల్లీమీటర్ల సీసం రేకు వేస్తే ఒక్క సీసమే యాభై కిలోలకు దగ్గరగా తూగుతుంది. సీసం మెత్తటి లోహం, నిలబెడితే తన బరువుకు తనే జారుతుంది. అందుకే రెండు ప్లైవుడ్ పలకల మధ్య పెట్టి బిగించాలి. ఆచారి గారు మామూలు బందులే వేశారు. వారం తిరగకుండా తలుపు కిందికి దిగి నేలకు రాసుకోవడం మొదలైంది. మళ్లీ విప్పి, ఇనుప గేటుకు వేసే లావు బందులు వేశారు. మేకు కొట్టిన చోట సీసానికి చిల్లు పడుతుంది, దాని మీద ఇంకో సీసం ముక్క అతకాలి. చౌకట్టుకూ తలుపుకూ మధ్య సందు రాకుండా రేకు కాస్త అవతలికి సాగాలి. ఇవన్నీ ఏ ఫారంలోనూ అడగరు. మెషిన్ ఆన్ చేసినప్పుడు రేడియేషన్ కొలిచే మీటరు మాత్రం అడుగుతుంది.

ఇక కాగితాలు. పోర్టల్‌లో క్లినిక్ యజమానిగా డాక్టరు గారి పేరు, పాన్, చిరునామా రుజువులు పెట్టి ఖాతా తెరిచాము. నా డిప్లొమా పెట్టి నన్ను సిబ్బందిలో చేర్చి, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా నామినేట్ చేశారు. గది ప్లాను, మెషిన్ వివరాలు, క్వాలిటీ రిపోర్టు, టీఎల్‌డీ బ్యాడ్జీలు తీసుకున్నట్టు రుజువు అప్‌లోడ్ చేశాము. ఓటీపీ ఎప్పుడూ డాక్టరు గారి ఫోనుకు వస్తుంది, ఆయనేమో ఆపరేషన్ థియేటర్లో ఉంటారు. చెప్పుకోదగ్గ కష్టం అదొక్కటే.

బ్యాడ్జి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. చూడ్డానికి ఐడీ కార్డులా ఉంటుంది. లోపల మూడు చిన్న బిళ్ళలుంటాయి. రేడియేషన్ తగిలితే ఆ శక్తిని బిళ్ళ దాచుకుంటుంది. మూడు నెలలకోసారి ల్యాబుకు పంపితే, వేడి చేసి, అది వదిలే వెలుగును కొలిచి మనకెంత డోసు తగిలిందో చెబుతారు. ఛాతీ దగ్గర, సీసం ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. సిబ్బందికిచ్చేవి కాక కంట్రోల్ బ్యాడ్జి అని ఒకటి ఇస్తారు. దాన్ని ఎక్స్‌రే గదికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే మామూలుగా ప్రకృతిలో ఉండే రేడియేషన్‌ను లెక్కలోంచి తీసేయడానికి అదే ఆధారం. కంట్రోల్ బ్యాడ్జిని తీసుకెళ్లి ఎక్స్‌రే గదిలోనే మేకుకు తగిలించినవాళ్లను చూశాను. అప్పుడు అందరి డోసూ సున్నాకు దగ్గరగా కనిపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. ఇంకో చోట బ్యాడ్జి పాడైపోతుందని డ్రాయరులో దాచి, రిపోర్టుకు పంపేరోజు తీసేవాళ్లు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ వద్దులెండి.

డోసును మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. మాలాంటి పనివాళ్లకు ఐదేళ్లలో మొత్తం 100 మిల్లీసీవర్ట్, అంటే సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది మన దేశంలో పరిమితి. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. ఒక ఛాతీ ఎక్స్‌రేతో పేషెంటుకు తగిలేది మిల్లీసీవర్ట్‌లో వందో వంతుల్లో ఉంటుంది. గోడ సరిగ్గా ఉండి, తెర వెనక నిలబడి తీస్తే మాకు తగిలేది అంతకన్నా చాలా తక్కువ. ఇది తెలియక పెళ్లి కుదరగానే ఈ ఉద్యోగం మానేసిన అమ్మాయిలను నేనెరుగుదును. గర్భం వచ్చిందని చెప్పిన రోజు నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని సర్దాలని రూలు చెబుతుంది, ఇంటికి పొమ్మని చెప్పదు. ఆ సర్దుబాటు చేయలేని యాజమాన్యాలు రూలు పేరు చెప్పి పంపించేస్తాయి.

మెషిన్ బిగించాక గది చుట్టూ రేడియేషన్ ఎంతుందో కొలిచే సర్వే చేయడానికి క్వాలిటీ ఇంజనీరు వచ్చిన రోజే మా బిల్డింగు ఓనరు కూడా కిందికి దిగారు. ఆయన పైన ఫైనాన్స్ ఆఫీసు నడుపుతారు. తలుపు మీద పసుపు రంగు రేడియేషన్ గుర్తు, ఎర్ర లైటు, "గర్భిణులు ముందే చెప్పాలి" అనే బోర్డు బిగించేసరికి ఆయనకు టెన్షన్ పట్టుకుంది.

"ఏం పాపా, అటామిక్ అని రాసుండాదే! నా కుర్చీ కరెక్టుగా దాని నెత్తినే ఉండాది. నాకేమన్నా అయితే?"

కిరణం కిందికి నేలలోకి పోతుందనీ, పైకి వచ్చేది పేషెంటు ఒంటికి తగిలి చెదిరిన కొంచెమేననీ, మధ్యలో కాంక్రీటు స్లాబు ఉందనీ చెప్పాను. వినలేదు. ఆయన భయానికి కారణం వేరే ఉంది. కూతుర్ని వేముల మండలంలో ఇచ్చారు, తుమ్మలపల్లె గనికి దగ్గరి పల్లె. బోరు నీళ్లు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. తమ ప్లాంటు వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ అంటుంది. కూతురు ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటలే. అందుకని రేడియేషన్ అనగానే ఆయనకు మా గది, ఆ గని ఒకటే అయిపోయాయి.

ఇంజనీరు మంచివాడు. "రండి సార్, మీరే చూద్దురు" అని మీటరు ఆయన చేతికే ఇచ్చి పైకి తీసుకెళ్లాడు. కింద టేబుల్ మీద పేషెంటు బదులు నీళ్లు నింపిన డబ్బా పెట్టాము. నేనింకా బటన్ నొక్కనే లేదు, మీటరు మీద అంకెలు కదులుతున్నాయి. ఓనరు గారు గట్టిగా అరిచారు. "ఏయకముందే చూపిస్తా ఉంది కదప్పా!" అది గంటకు 0.1 మైక్రోసీవర్ట్ చుట్టూ ఆడుతోంది, మైక్రోసీవర్ట్ అంటే మిల్లీసీవర్ట్‌లో వెయ్యో వంతు. ఆకాశం నుంచి, నేల నుంచి, ఆ గోడల రాళ్లలోంచి ఎప్పుడూ వచ్చే రేడియేషన్ అది. మన చిత్తూరు వైపు గ్రానైటు ఎక్కువ, అందులో యురేనియం, థోరియం ఎంతో కొంత ఉంటాయి. ఊపిరిలో పీల్చే రేడాన్ అనే వాయువు కూడా కలుపుకుంటే ప్రపంచ సగటున మనిషికి ఏడాదికి రెండు మూడు మిల్లీసీవర్ట్‌లు ప్రకృతి నుంచే తగులుతాయి. తర్వాత నేను కింద ఎక్స్‌పోజర్ ఇచ్చాను. ఆయన కుర్చీ దగ్గర అంకెలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మళ్లీ ఇవ్వమన్నారు, ఇచ్చాను. మా తలుపు దగ్గర మాత్రం కింది అంచున కొద్దిగా ఎక్కువ చూపించింది. పరిమితి లోపలే ఉన్నా, ఆచారి గారిని పిలిచి ఇంకో పట్టీ వేయించాను.

ఆ సర్వేతో పాటు ట్యూబు నుంచి లీకేజీ, వెలుగు పడే చోటే కిరణమూ పడుతోందా, పెట్టిన వోల్టేజీ నిజంగా వస్తోందా, టైమరు సరిగ్గా ఉందా అన్నీ చూసి రిపోర్టు ఇస్తారు. ఈ పరీక్ష రెండేళ్లకోసారి చేయించాలి. మా రిపోర్టులో మెషిన్ మోడలు పేరు ఒక అక్షరం తేడాగా టైపు చేశారు. పోర్టల్‌లో ఉన్న పేరుతో సరిపోలలేదని దరఖాస్తు వెనక్కి వచ్చింది. రిపోర్టు ఇచ్చిన ఏజెన్సీవాళ్ల దగ్గర ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి పట్టిన కాలం గోడ కట్టడానికి పట్టిన కాలం కంటే ఎక్కువ. దిద్ది పెట్టాక మాత్రం లైసెన్స్ తొందరగానే వచ్చింది, ఐదేళ్లకు. పీడీఎఫ్ ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో తగిలించారు డాక్టరు గారు.

ఈ మొత్తంలో బోర్డు నుంచి మనిషెవరూ వచ్చి మా గది చూడలేదు. చెన్నైలో వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది, ఎప్పుడైనా తనిఖీకి రావచ్చు. దేశంలో ఇన్ని వేల మెషిన్లుంటే ప్రతి గదికీ రాలేరన్నది నాకు అర్థమవుతుంది. అయితే అప్పుడు మిగిలేది కాగితం, మీటరు పట్టుకొచ్చిన ప్రైవేటు ఇంజనీరు, లోపల పనిచేసే మనిషి. ఇంజనీరు కళ్లు మూసుకుంటే కాగితం కూడా మూసుకుంటుంది. రాష్ట్రానికొక రేడియేషన్ సేఫ్టీ డైరెక్టరేట్ పెట్టాలన్న మాట చాలా ఏళ్ల నుంచి ఉంది. మా జిల్లాలో ఇటుక మందం తెలిసిన మనిషి ఒకరు ఏడాదికోసారి వచ్చి తలుపు వేసి చూసి వెళ్తే, సగం ఫారాలు లేకపోయినా పర్వాలేదనిపిస్తుంది నాకు.

మొదటి మూడు నెలల బ్యాడ్జి రిపోర్టు వచ్చింది. నాకు లెక్కలోకి వచ్చే డోసేమీ లేదు. ఈ సంగతి ఓనరు గారికి చెబితే ఆయన కూతురికి చెప్పినట్టున్నారు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మీకు బిళ్ళ ఇస్తారంట కదా. మాకెందుకియ్యరు? మేముండేది గని పక్కనే కదా?"

తోచినంత చెప్పాను. బ్యాడ్జి పనిచేసేవాళ్లకే ఇస్తారు. ప్రజల విషయంలో నీళ్లు, మట్టి, గాలి శాంపిళ్లు తీసి లెక్క కడతారు. పైగా వాళ్ల సమస్యను బిళ్ళ పట్టుకోలేదు. అది బయటి నుంచి వచ్చే కిరణాలను కొలుస్తుంది, నీళ్లతో కడుపులోకి పోయేదాన్ని కాదు. మా మెషిన్ స్విచ్ ఆపితే గదిలో ఏమీ మిగలదు. గనిలో అలా కాదు. అక్కడి ఖనిజంలో టన్నుకు అర కిలో యురేనియం కూడా ఉండదు. అది తీసేసుకున్నాక మిగిలిన రాతిపిండి అంతా టెయిలింగ్ పాండ్ అనే చెరువులో పోస్తారు. ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ పిండిలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. కాబట్టి చూడాల్సింది ఆ చెరువు అడుగు నుంచి నీళ్లు భూమిలోకి దిగుతున్నాయా అన్నది. తాగే నీళ్లలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, మన బోర్డు 60 వరకు పెట్టింది. అంటే 45 వచ్చిన బోరు ఒక లెక్కలో చెడ్డది, ఇంకో లెక్కలో మంచిది. రిపోర్టు చేతికొస్తే "లిమిట్ లోపలే ఉంది" అన్న మాటతో ఆగిపోకుండా, అంకె ఎంత, ఏ లిమిట్ అని అడగమన్నాను. యురేనియం విషయంలో ముందు దెబ్బతినేది కిడ్నీలు, అందుకని ఆ పరీక్షలూ చేయించుకోమన్నాను. "మాకు రిపోర్టే ఇయ్యరక్కా, చదివి చెప్తారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

నాకు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్ దాకా అనుమతి ఉంది, ఏడాదికి నాలుగు బ్యాడ్జి రిపోర్టుల లెక్క ఉంది, రిపోర్టు నా పేరుతో నా చేతికి వస్తుంది. ఆ అమ్మాయికి 1 మాత్రమే అనుమతి, లెక్క మాత్రం వేరేవాళ్ల దగ్గర ఉంది. ఇద్దరినీ చూసేది ఒకే బోర్డు.

ఇప్పుడు డాక్టరు గారికి సీటీ స్కాన్ పెట్టాలని ఉంది. దానికి వరస వేరు. ముందు గది ప్లానుకు అనుమతి, తర్వాత మెషిన్ కొనడానికి అనుమతి, బిగించి పరీక్షలు చేశాక నడపడానికి లైసెన్స్. పైన ఉన్న స్లాబు దీనికి సరిపోతుందో లేదో కొత్తగా లెక్క వేయించాలి. సీటీలో కిరణం ఒక్క దిక్కుకే పోదు, చుట్టూ తిరుగుతుంది. పాత డీలరు అప్పుడే రోజూ ఫోన్ చేస్తున్నాడు, అడ్వాన్సు ఇస్తే రేటు తగ్గిస్తాడట. ప్లానుకు అనుమతి వచ్చేదాకా ఫోన్ ఎత్తొద్దని డాక్టరు గారికి చెప్పాను. ఓనరు గారికి ఇంకా ఎవరూ చెప్పలేదు.